లోపలి నునుపు

వడ్రంగికి తన పనిలో అన్నిటికంటే గర్వం ఎవరి కంటా పడని చోటంటేనే. బల్ల చేస్తే దాని అడుగు, బీరువా చేస్తే దాని వీపు కూడా నున్నగా చిత్రిక పట్టనిదే ఆయనకు ముద్ద దిగదు. అలాంటి మనిషిని అల్లుడు హెడ్‌ఫోన్ల తయారీలోకి దింపాడు. చెవుల్ని కప్పే చెక్క డిప్పలు మామగారివి, శబ్దం సంగతి అల్లుడిది. వాల్‌నట్ చెక్కలోంచి తొలిచిన డిప్పలకు బయట నాలుగు పూతలు వార్నిష్ వేస్తే లోపల ఏడు వేసేవాడు పెద్దాయన. అందులో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు.

పియానోలు శ్రుతి చేసే మాస్టారు తాను కొన్న జతను రెండుసార్లు వెనక్కి తెచ్చాడు. రెండోసారి చెక్కను ముద్దుగా నిమురుతూనే, "అందానికి వంక పెట్టలేనయ్యా. పాట మాత్రం బావిలోంచి వస్తోంది. పైన పటారం, లోన లొటారం! శుక్రవారం వస్తా. అప్పటికీ ఇంతేనయితే నాకొద్దు," అన్నాడు.

లోన లొటారమట! వడ్రంగికి ఒళ్లు మండిపోయింది. శుక్రవారం కూడా మాట పడితే ఇక హెడ్‌ఫోన్ల జోలికి పోననీ, కుర్చీ కోళ్లు చేసుకుంటాననీ ఇంట్లో ప్రకటించాడు. ప్రకటించాడే గానీ, ఆ చిన్న డిప్పలంటే ఆయనకు ప్రాణం.

శుక్రవారం పొద్దున్నే ఆఖరి తనిఖీకి జత విప్పితే లోపల ఉన్నిగుడ్డ అంటించి ఉంది. ముందు రెండుసార్లూ ఇదే వరస. ఎవరిదో పనికిమాలిన పని అనుకుని పీకేసి, జిగురు తుడిచి, మరో పూత వేసి పంపాడు. ఈసారీ కుడి డిప్పలోది పీకి, ఎడమదాని అంచు గోటితో లేపాడు.

"ఆగు నాన్నా!" టీ తెస్తున్న కూతురు కేకేసింది. "అది ఆయన అంటించారు!"

"ఎందుకూ?"

పక్కనే ఉన్న అల్లుడు చేతిలోని తీగను చుట్టలు చుట్టడం మొదలెట్టాడు.

"చెప్పండి. రెండు నెలలుగా నా దగ్గర గొణగడమేగా!" అంది కూతురు.

"అది కాదు మామయ్యా... లోపల అద్దంలా ఉంటే శబ్దం గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. స్నానాల గదిలో పాడినట్టుంటుంది. గరుకుగా ఉండాలి. మీ పనికి వంక పెట్టడానికి నోరు రాక గుడ్డ కప్పాను."

"నేను పీకేసినప్పుడైనా చెప్పొద్దూ?"

"మీరు పీకేస్తున్నారా! గుడ్డ వేసినా బాగుపడదేంటా అని నేను తీగలన్నీ మార్చి చచ్చాను."

"అసలు నువ్వెప్పుడైనా పెట్టుకుని విన్నావా నాన్నా?" అంది కూతురు.

వినలేదు. నలభై జతలు చేసిన మనిషి ఒక్కటీ చెవిన పెట్టుకోలేదు. అల్లుడు ఉన్నదున్నట్టే జత బిగించి ఆయనకు తగిలించాడు. గుడ్డ ఉన్న ఎడమవైపు పాడే అమ్మాయి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. కుడివైపు ఆవిడే ఖాళీ గిడ్డంగిలో నిలబడి అరుస్తోంది. వడ్రంగికి సిగ్గేసింది.

గరుకు కాగితం తీసుకున్నాడు. మొదటి గీతకు చెయ్యి రాలేదు, కడుపున పుట్టినదాన్ని కొట్టినంత బాధ. అయినా పూతలన్నీ పోయేదాకా రెండు డిప్పలూ గీకాడు. అల్లుడు కొత్త గుడ్డ అందించబోతే లాక్కున్నాడు.

"ఇదీ నేనే అంటిస్తా. నీ కత్తిరింపు ఎలకలు కొరికినట్టుంది."

పదకొండింటికి మాస్టారు వచ్చాడు. జత చెవులకు పెట్టుకుని, తీగను తన ఫోనుకు తగిలించి కళ్లు మూసుకున్నాడు. ఒక పాట అయింది, రెండోది మొదలైంది. చెక్క మీద చెయ్యి వెయ్యలేదు. లేచి, అలాగే పెట్టుకుని వీధిలోకి నడిచాడు. జత దాచుకోవడానికి వడ్రంగి చేసిచ్చిన, మఖమల్ పరిచిన చెక్కపెట్టె బల్లమీదే ఉండిపోయింది.

"మాస్టారూ, పెట్టె!" వడ్రంగి గుమ్మంలోంచి అరిచాడు. మాస్టారు తిరిగి చూడలేదు.

"చెక్క వంక ఒక్కసారన్నా చూశాడా అల్లుడూ?"

"లేదు మామయ్యా."

వడ్రంగి మనసు చివుక్కుమంది. మళ్లీ పిలవడానికి నోరు తెరిచాడు. వీధి మధ్యలో మాస్టారు తల ఊపుతూ, చేత్తో తాళం వేస్తూ పోతున్నాడు. ఎప్పుడూ లేనంత సంతోషం వేసింది పెద్దాయనకు. పిలవలేదు.