అంచు దాటిన అడుగు

వడ్రంగి కూతురిది ఉడుంపట్టు. చిన్నప్పుడు తండ్రి కొనిచ్చిన వీడియోగేమ్ పెట్టెను లోకమంతా మర్చిపోయాక, దానికోసం కొత్త ఆట తయారుచేస్తానని కూర్చుంది. పగలంతా దుకాణంలో టీవీల రిపేరు, ఖాళీ దొరికితే ఈ ఆట. అందులో ఒక పొట్టి మనిషి ఇళ్ల కప్పుల మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతూ పోతుంటాడు. చెవి మీద పెన్సిలు చూస్తే ఎవర్ని చూసి గీసిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆడి చూసి తప్పులు పట్టే పని తండ్రిది. ఆదివారం భోజనం కాగానే టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. కూతురి పనికి వంకలు పెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఇలాంటి ఆటల్లో ఒక దొంగ దయ ఉంటుంది. బొమ్మ అంచు దాటి గాల్లో అడుగేసినా, రెప్పపాటులో బటన్ నొక్కితే ఆట చూసీ చూడనట్టు ఊరుకుని దూకనిస్తుంది. ఆడేవాడు అదంతా తన చేతి చురుకే అనుకుంటాడు.

చలి మొదలయ్యే రోజుల్లో తండ్రి మూడో కప్పు దగ్గర పడ్డాడు. మళ్లీ మళ్లీ పడ్డాడు. బటన్ పాడైందన్నాడు. కూతురు విప్పి చూస్తే అది నిక్షేపంలా ఉంది. ఆయన మొహం చిన్నబోవడం చూడలేక ఆ రెప్పపాటును కాస్త సాగదీసింది. తర్వాతి ఆదివారం ఆయన దూకేశాడు. కొన్నాళ్లకి మళ్లీ పడ్డాడు, ఆమె మళ్లీ సాగదీసింది. చివరికి బొమ్మ గాల్లో నడుస్తున్నట్టు తెలిసిపోతుందని కప్పులన్నిటికీ చూరులు గీసి ఆ ఖాళీ కప్పేసింది. చూరులు భలే కుదిరాయని తండ్రి ఆ ఒక్కసారీ వంక పెట్టకుండా మెచ్చుకున్నాడు.

అసలు సంగతి ఒక శనివారం అన్నాల దగ్గర తల్లి నోట బయటపడింది. నాన్న వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయట. డాక్టరు దగ్గరికి పదమంటే వినడట. ఆయన పనిచేసే వడ్రంగి షాపు యజమాని రంపం మిషను నుంచి తప్పించి పాలిష్ పనికి మారుస్తానంటే ఈయన అడ్డం తిరిగాడట. మా అమ్మాయి ఆటలో మూడో కప్పు అవలీలగా దాటుతున్నాను, నా చేతికేం రోగమని వాదించి, సోమవారం మళ్లీ రంపం దగ్గరే నిలబడేలా ఒప్పించుకొచ్చాడట.

కూతురు ఎత్తిన ముద్ద కంచంలోనే వదిలేసింది. తను చేసింది ప్రేమతోనే, కానీ ఆ ప్రేమే ఇప్పుడు నాన్న వేళ్లను రంపం పళ్ల కిందికి నెడుతోంది. రంపం చూసీ చూడనట్టు ఊరుకునే రకం కాదు.

ఆదివారం తను సాగదీసిన దయంతా తీసేసి, చూరులు చెరిపేసి, ఆట ఆయన ముందు పెట్టింది. తండ్రి మూడో కప్పు దగ్గర పడ్డాడు. సర్దుకుని కూర్చుని మళ్లీ ఆడి మళ్లీ పడ్డాడు. పడిన ప్రతిసారీ ఆమె ప్రాణం ఉసూరుమంది. అయినా చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఏం మార్చావు?" అన్నాడు చివరికి.

"మార్చిందంతా తీసేశాను నాన్నా. నువ్వు పడుతుంటే చూడలేక ఇన్నాళ్లూ నేనే దాటిస్తూ వచ్చాను."

తండ్రి తన వేళ్లు ముడిచి, చాపి చూసుకున్నాడు.

"చూరులు కూడా అందుకేనా?"

ఆమె తలూపింది.

"మా అమ్మాయి బాగా గీసిందని షాపులో అందరికీ చెప్పుకున్నాను," అన్నాడు. కోపం ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేది. ఆ గొంతులో కోపం లేదు.

కాసేపటికి పాలిష్ పనికే వస్తానని యజమానికి ఫోన్ చేసి చెప్పమన్నాడు, తనకి నోరు రాదన్నాడు. డాక్టరు దగ్గరికి రేపే వెళ్దామని తల్లితో అన్నాడు. తర్వాత ఆట రిమోటు కూతురి ఒళ్లో పెట్టాడు.

"నువ్వు ఆడు. నేను చూస్తాను."

ఆమె ఆడింది. మూడో కప్పు దగ్గర కళ్లలో నీళ్లు అడ్డం వచ్చాయి. చెవి మీద పెన్సిలున్న మనిషి అంచు రాకముందే దూకి కిందికి జారిపోయాడు.

"తొందరపడకు తల్లీ," అన్నాడు తండ్రి, "అంచు దాకా రానీ."