మబ్బుతో బేరం

తూర్పున మబ్బు. తడిసిన ఇనుము రంగు. గాలిలో మట్టి వాసన... చినుకు మాత్రం లేదు.

ఊరంతా ఎండ కోరితే నేను వాన కోరాను.

గొడుగుల కొట్టు నాది.

ఇన్నేళ్ళూ మబ్బును దిగులుతో చూశాను. కురిస్తే లాభం. తేలిపోతే సరుకంతా అటక మీద. మధ్యలో నిద్ర లేదు.

పోయినేడు రొమ్ములో గడ్డ తీశారు. క్యాన్సరన్నారు. మందులు ఎక్కించారు. జుట్టు రాలింది, మళ్ళీ మొలిచింది — ఈసారి ఉంగరాలు తిరిగి. అది లాభంలోనే కలుపుకున్నాను.

డాక్టరమ్మను సూటిగా అడిగాను.

"నా దిగులే దీన్ని తెచ్చిందా?"

"అలాగని ఎవరూ చెప్పలేరమ్మా. మీ తప్పనుకోకండి. కానీ దిగులు తిష్ఠవేస్తే నిద్ర పోతుంది, తిండి పోతుంది, నడక పోతుంది. కోలుకునే ఒంటికి కావలసినవి అవే."

"దిగులు మానేస్తే మళ్ళీ రాదని గ్యారంటీ ఇస్తారా?"

"గాలివానలో విరగవని మీ గొడుగులకు మీరిస్తారా?"

ఇవ్వను. నవ్వొచ్చింది.

లెక్క చూసుకున్నాను. దిగులు ఇన్నేళ్ళు నా కొట్లో పనిచేసింది. నిద్రా ఆకలీ జీతంగా పుచ్చుకుంది. ఒక్క మబ్బునూ ఆపలేదు. ఒక్క చినుకూ తేలేదు.

అలాంటి మనిషిని ఏ వ్యాపారి పనిలో ఉంచుకుంటాడు?

ఈ ఏడు సరుకు తెప్పించే పని మా ఆయనకు అప్పగించాను. వెనక గదిలో గొడుగులు బాగుచేసే మనిషి.

"నాకు తెలిసింది విరిగిన ఊచలే. ముంచేస్తానేమో!"

"ముంచేది వానైతే మనకు మంచిదే."

సగం పిల్లల గొడుగులు తెప్పించాడు. అదీ పసుపు రంగువి. పసుపు మా కొట్లో ఎప్పుడూ కదలదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది...

మింగేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

రేపు పరీక్ష. గడ్డ తిరగబెట్టిందో లేదో రేపు తెలుస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం చూశాను — మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అన్నం పళ్ళెంలో ఎండిపోతోంది. చూపు ఆకాశంలో.

దిగులు ఇల్లు వదల్లేదు. గది మారింది.

"కురుస్తుందంటావా?" అన్నాడు. అడిగింది వాన గురించే. గొంతు మాత్రం వాన గురించి కాదు.

"ఏమో."

ఆ మాట ఇంత తేలికగా ఉంటుందని నాకు తెలియదు.

"ముందు తినండి. తర్వాత నడుద్దాం."

"తడుస్తామే!"

"తడుద్దాం."

వీధి చివరిదాకా నడిచాం. చెయ్యి పట్టుకున్నాడు. గాలి మొదలైంది, ఆగింది, మళ్ళీ మొదలైంది.

నెత్తిమీద మబ్బు — నిండుగా, నెమ్మదిగా...