నడిమధ్యన సున్నా ఉన్న మిక్సర్

మంగళవారం మూడింటికి సిక్స్టెన్ తన క్లాసులో కాఫీ పెట్టేవాడు. బన్నులు తేవడం వంతులవారీగా జరిగేది. యోర్దిస్ వంతు వచ్చినప్పుడల్లా దాల్చినచెక్క బన్నులు సరిగ్గా ఒకటి తక్కువ వచ్చేవి. ఆ తక్కువ ఎవరికో అందరికీ తెలుసు. ఆమె నుంచి విడిపోయిన హోల్గెర్ వంతు వచ్చినప్పుడు బన్నుల మీద బాదంపొడి దండిగా ఉండేది. బాదం తింటే యోర్దిస్ పెదాలు వాచిపోతాయని, ఆమెతో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి తెలియదని ఎవరూ అనుకోలేదు.

మాల్మో ఊళ్ళో ఓ సైకిళ్ళ షాపు మీది గది అది. అక్కడ నేర్పేది కంప్యూటర్లో నడిచే మాడ్యులర్ సింథసైజర్ అనే సంగీత వాయిద్యం. తెరమీద వరసగా పెట్టెలు, పెట్టెలకు కన్నాలు, ఒక కన్నం నుంచి ఇంకోదానికి రంగురంగుల తీగలు. అన్నీ బొమ్మలే. ఒక పెట్టె శబ్దం పుట్టిస్తే ఇంకోటి దాన్ని వంచుతుంది. ఆ కోర్సంతా సిక్స్టెన్ చెప్పింది మిక్సర్ల గురించే. నాలుగు శబ్దాలను లోపలికి తీసుకుని ఒకటిగా బయటికి పంపే పెట్టె మిక్సర్. ఒక్కో శబ్దాన్నీ పెంచడానికీ తగ్గించడానికీ తిప్పే ఒక్కో నాబ్. ఇంతకన్నా తేలికైనది లేదని మొదటివారం అందరూ నవ్వారు. సిక్స్టెన్ నవ్వలేదు. అతను మామూలుగానే నవ్వడు.

విడిపోయిన మొగుడూ పెళ్ళాం ఒకే క్లాసులో చేరడమేమిటంటే, అది కూతురు తూవా కోసం. విడిపోయినప్పటి నుంచీ తూవా గొంతు తగ్గుతూ వచ్చింది. ఒక వారం అమ్మ దగ్గర, ఒక వారం నాన్న దగ్గర. ఆదివారం ఆదివారం ఇల్లు మారినప్పుడల్లా గొంతు ఒక మెట్టు దిగేది. శీతాకాలం వచ్చేసరికి పెదాలు కదలడమే తప్ప మాట బయటికి రావడం లేదు. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, అంతా బాగుందన్నాడు. ఓసారి తూవా తన మనసులోది కాగితం మీద రాసి చూపించింది. మీ నాన్నే రాయించాడని యోర్దిస్, మీ అమ్మే పక్కన కూర్చుని చెప్పిందని హోల్గెర్ చెరో సగం చింపేశారు. అప్పటి నుంచీ ఆ పిల్ల పెన్ను ముట్టుకోలేదు. శబ్దాలతో ఆడుకుంటే గొంతు తిరిగొస్తుందేమోనని, పిల్లతోపాటు ఇద్దరూ ఈ క్లాసులో చేరారు.

క్లాసులు ముగిసే వారం, గురువారం నాడు, నగరపాలక ఆఫీసులో పిల్లల వ్యవహారాలు చూసే ఆనెలీ అనే ఆవిడ వస్తుంది. ఎక్కడ ఉంటావని తూవాను అడుగుతుంది. పిల్ల నోటితో చెప్పింది వినపడితే సరే. లేదంటే తేల్చేది కోర్టు.

రెండోవారం క్లాసులో యోర్దిస్ కొత్త మిక్సర్ తెరవగానే, ఏ మైకూ పెట్టకుండానే, మూడు గీతలు ఎగిరెగిరి పడసాగాయి. ఒకటి ఆమె గొంతు, ఒకటి హోల్గెర్‌ది, అడుగున సన్నగా వణికేది తూవాది. అందులో ఏ నాబ్ తిప్పితే ఆ మనిషి గొంతు గదిలో పెరిగేది, తగ్గేది.

"మంచిదే, నీకు వేరే శబ్దాలు తయారుచేసుకునే పని తప్పింది" అన్నాడు సిక్స్టెన్.

"మా ఆయన గొంతు కూడా ఇలాగే ఓ ఏడాది వచ్చింది" అంది పక్క కుర్చీలోని ముసలి మై-బ్రిట్, బన్ను కాఫీలో ముంచుతూ. "అందులో గురక ఒక్కటే నా పాటకి తీసుకున్నాను."

ఆ రోజు నుంచీ మొగుడూ పెళ్ళాం ఒకే కంప్యూటర్ ముందు కూర్చోవలసి వచ్చింది. మధ్యలో తూవా. ఎవరి నాబ్ వాళ్ళు చివరిదాకా తిప్పేసుకుని, కూతురి నాబ్ కూడా చివరిదాకా తిప్పారు. ఎర్రలైటు వెలిగింది. తూవా నోటి నుంచి బరబరమని రేకు గీకిన చప్పుడొచ్చింది. పిల్ల చెవులు మూసుకుంది.

"పైకి తిప్పడం ఎవడికైనా వస్తుంది" అని సిక్స్టెన్ విసుక్కున్నాడు. "మిక్సర్ నేర్చుకోవడమంటే తగ్గించడం నేర్చుకోవడం. పెట్టె మీ గొంతులతోనే నిండిపోయింది, పిల్ల గొంతుకి చోటెక్కడిది? మీ ఇద్దరూ తగ్గండి."

"ముందు అతన్ని తగ్గమను."

"నేనెందుకు తగ్గాలి? ఏడాదిగా నోరు పారేసుకుంటున్నది తను."

"నోరు పారేసుకుంటున్నానా? పిల్ల స్కూలు మీటింగుకి ఒక్కసారి వచ్చావా నువ్వు?"

"నాకు చెబితేగా వచ్చేది!"

"మీరిద్దరూ వీధిలోకి పోయి అరుచుకోండి" అంది మై-బ్రిట్. "నాకిక్కడ డ్రమ్ము వినపడి చావడం లేదు."

గురువారానికి ముందు ఆఖరి క్లాసు వచ్చింది. ఆ రోజు సిక్స్టెన్ వేరే రకం మిక్సర్ ఇచ్చాడు. మామూలు మిక్సర్లో నాబ్ ఎడమకి చివరిదాకా తిప్పితే శబ్దం పోతుంది. ఇందులో అలా కాదు. సున్నా నడిమధ్యన ఉంటుంది. కుడికి తిప్పితే శబ్దం మామూలుగా పెరుగుతుంది. ఎడమకి తిప్పితే కూడా పెరుగుతుంది, కాకపోతే తిరగబడి. గీతలో గుట్ట ఉన్నచోట గొయ్యి, గొయ్యి ఉన్నచోట గుట్ట. సిక్స్టెన్ ఇదంతా బోర్డు మీద గీసి మరీ చెప్పాడు. ఆ సమయంలో యోర్దిస్, హోల్గెర్ కిటికీ తీయాలా మూయాలా అని కొట్టుకుంటున్నారు.

హోల్గెర్ కాఫీకి లేచాడు. యోర్దిస్ అటూఇటూ చూసి మౌస్ అందుకుంది. అతని నాబ్‌ను ఎడమకి, ఇంకా ఎడమకి, ఇక తిరగనంతవరకూ తిప్పింది. పీడ విరగడైందని ఆమె మొహం వెలిగింది. ఇన్ని నెలల్లో అంత సంతోషం ఆమెకి ఇంకెందులోనూ దొరకలేదు.

హోల్గెర్ కప్పు పట్టుకుని వస్తూనే తెర చూశాడు. "నా గొంతు నొక్కేస్తావా? నా పిల్ల ముందు?"

"నీ గొంతు పోయిందిగా, ఇంకా ఎలా అరుస్తున్నావు?" అంది యోర్దిస్, నిజంగానే ఆశ్చర్యపోయి. మరుక్షణం ఆ ఆశ్చర్యం కోపమైంది. ఇద్దరూ ఒకేసారి లేచారు. ఏడాదిగా ఇద్దరూ అరిగిపోయేదాకా అంటున్న మాట ఒక్కటే. ఆమె అదే అంది. అతనూ అదే అన్నాడు. అదే క్షణంలో, అంతే గట్టిగా:

"పిల్లని ఇలా చేసింది నువ్వే!"

ఏమీ వినపడలేదు.

నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి, మెడ నరాలు ఉబ్బాయి, హోల్గెర్ కప్పులోని కాఫీ తొణికి చొక్కా మీద పడింది. చప్పుడు మాత్రం లేదు. తెరమీద ఒకరి గొయ్యిలో ఇంకొకరి గుట్ట సరిగ్గా పట్టేసింది. మిగిలింది పైన ఒక తిన్నని గీత, అడుగున ఇంకొకటి.

ఆ అడుగుది తూవా. గట్టిగా ఏమీ మాట్లాడలేదు. మామూలు గొంతుతో, ఎప్పటి నుంచో చెబుతున్న మాట మధ్యలో ఉన్నట్టు చెప్పుకుపోయింది.

"...అందుకని నేనిక ఎక్కడికీ రాను. నాకు ఒకటే ఇల్లు కావాలి. నా మంచం, నా పెంపుడు ఎలుక, నా పుస్తకాలు అక్కడే ఉంటాయి. ఆదివారం ఆదివారం మారాల్సింది నేను కాదు. మీరు. ఒక వారం అమ్మ రావాలి, ఒక వారం నాన్న రావాలి. విడిపోయింది మీరు కదా!"

మై-బ్రిట్ హెడ్‌ఫోన్స్ తీసేసింది. యోర్దిస్ ఏదో అనబోయింది. హోల్గెర్ కూడా అదే అనబోయాడు. రెండూ కలిసి సున్నా అయ్యాయి.

సిక్స్టెన్ వచ్చి మౌస్ తీసుకున్నాడు. పెద్దవాళ్ళిద్దరి వంక చూడనైనా చూడలేదు.

"తూవా, నాబ్‌లు మళ్ళీ మామూలుగా పెట్టెయ్యనా, ఇలాగే సేవ్ చెయ్యనా?"

"సేవ్ చెయ్యి" అంది తూవా.

గురువారం ఆనెలీ వచ్చింది. అమ్మానాన్నలు చెరో పక్క కూర్చుని చేతులు తిప్పుకుంటూ ఒకేసారి ఏకబిగిన మాట్లాడారు, ఒక్క ముక్కా బయటికి రాలేదు. ఆవిడ మాత్రం తూవా చెప్పిందంతా సావకాశంగా విని, అలాగే కానిమ్మంది.

మొదటి ఆదివారం ఇల్లు వదలవలసిన వంతు యోర్దిస్‌ది. మెట్ల మీద హోల్గెర్ ఎదురైతే, చప్పుడు లేకుండానే ఇద్దరూ తిట్టుకున్నారు. వానలో బస్సెక్కి, ఊరి చివర అద్దెకి తీసుకున్న గదికి చేరి సంచీ విప్పింది. రాత్రి వేసుకునే మాత్రలు లేవు. కళ్ళద్దాలు లేవు. రెండూ ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. మంచం మీద కూలబడి ఏడ్చింది. పిల్ల ఇన్నాళ్ళూ ఇలాగే బతికిందని తెలిసి సిగ్గుపడింది. సిగ్గుకన్నా ముందు ఒళ్ళు మండింది.

ఫోన్ చేసింది.

"తూవా, నా కళ్ళద్దాలు అక్కడే మరిచిపోయాను. కొంచెం తెచ్చిస్తావా?"

ఏడాదిపాటు తూవా ఏది మరిచిపోయానన్నా ఆ ఇంట్లోనూ ఈ ఇంట్లోనూ దొరికిన జవాబు ఒక్కటే. ఇప్పుడా జవాబే పిల్ల నోట వచ్చింది.

"వచ్చే ఆదివారం దాకా ఆగు" అంది.

పిల్ల గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే, యోర్దిస్ ఫోన్‌ని చెవికి కాస్త దూరంగా పట్టుకోవలసి వచ్చింది.