పనివాళ్ల పప్పన్నం

మా తేజశ్రీ పెళ్లి వంటలు ఖాయం చేయడానికి తాడేపల్లిగూడెంలో కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లడం అది మూడోసారి. ఆయనిచ్చిన కాగితంలో అరవై రకాలున్నాయి.

"చాట్ పెట్టకపోతే నా ఫ్రెండ్స్ నవ్వుతారమ్మా," అంది తేజశ్రీ.

"నూడుల్సు లేని పెళ్లి మన ఏలూరులో ఎక్కడైనా చూశారా వదినా?" అన్నాడు మా మరిది బుచ్చిబాబు.

"ఇవాళ తేల్చకపోతే ఆ తేదీకి వేరే పెళ్లి ఒప్పేసుకుంటానండీ," అన్నాడు కాంట్రాక్టరు.

ఒంటిగంటైనా ఇద్దరూ తెమల్లేదు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. చివరికి కాంట్రాక్టరే జాలిపడి, తన పనివాళ్లకు వండిన అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, చారు మాకూ పెట్టించాడు. వాదన ఆగిపోయింది. మరిది పప్పు మూడుసార్లు వేయించుకున్నాడు. తేజశ్రీ ఫోను పక్కన పడేసి మళ్లీ కూర అడిగింది.

"ఇదే రాసుకోండి. పులిహోర, బూరెలు, పెరుగు కలపండి, చాలు," అన్నాను.

"పనివాళ్ల తిండి పెళ్లిలో పెడతామా వదినా?" అన్నాడు మరిది, చారు కోసం గిన్నె చాస్తూ.

"నువ్వు తింటున్నది చూశాకే చెబుతున్నాను. ముందు మూతి తుడుచుకో."

చాట్ ఒక్కటైనా ఉంచమని తేజశ్రీ నసుగుతుంటే, కాంట్రాక్టరు చేతిలోని కలం తీసుకుని, చాట్‌తో సహా మిగతావన్నీ నేనే కొట్టేశాను.