నల్ల కూజా అడుగున ముద్ర

మొగుడు పోయి నెల తిరక్కముందే హిల్డా ఇంట్లోని నల్ల కూజా కోసం ఆడపడుచు వస్తోందని పక్కింటి బ్లూరమ్మ వీధంతా చెప్పిందట. అన్నట్టే విన్నీ దిగింది. గ్రీకు దేవతల బొమ్మలున్న ఆ రాతిమట్టి కూజా విన్నీ ముత్తాత చేసింది. ప్రాణం పోయినా ఇవ్వకూడదనుకుంది హిల్డా.

"పుట్టింటి సొత్తు, వదినా. నాకే రావాలి," అంటూ విన్నీ కూజా అందుకుంది.

కుండల ఊరు బర్స్‌లెంలో పుట్టినవాళ్లు ఏ పాత్ర చేతికందినా తిరగేసి, అడుగున చేసినవాళ్ల ముద్ర చూడందే ఉండలేరు.

"తిరగెయ్యకు విన్నీ!"

"నువ్వా నాకు నేర్పేది? మట్టి పిసికిన వంశం మాది!"

మూత జారింది. బూడిదంతా విన్నీ ఒళ్లో పడింది.

"ఛీ! పొయ్యి బూడిద దాచుకున్నావా, దరిద్రపుదానా?"

"ఆర్నెల్లు మంచాన పడుంటే చూడ్డానికి రాలేదు," అంది హిల్డా. "కూజా పట్టుకుపోదువుగాని, ముందు మీ అన్నని ఎత్తు."