పిల్లలెంతమంది

లాటరీ తగిలిన సంగతి రత్నకుమార్ ముందు ఆఫీసులో చెప్పాడు, ఆదివారం చర్చిలో చెప్పాడు, చివరికి ఇంట్లో చెప్పాడు. తీరా చూస్తే అది తగిలింది అతనికి కాదు, ఇంట్లో ఉన్న భార్య లీలారాణికి.

అదేమీ డబ్బు లాటరీ కాదు. ఏటా లక్షల పేర్లలోంచి కొన్ని తీసి, రండి, మా దేశంలో శాశ్వతంగా ఉండండి అని అమెరికా వాళ్ళు పిలిచే వీసా లాటరీ. ఇండియాలో పుట్టినవాళ్ళకు అందులో చోటు లేదు. లీలారాణి పెరిగింది, చదివింది నరసాపురం పక్క పల్లెలోనే అయినా పుట్టింది మాత్రం కువైట్‌లో. వాళ్ళమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసేది. ఏడేళ్ళప్పుడు యుద్ధం వస్తే తల్లి వేలు పట్టుకుని తిరిగొచ్చింది. కువైట్ అంటే ఆమెకు గుర్తున్నది ఒక నీలం తలుపూ, దాని మీద ఎండా, అంతే. ఆ పుట్టుక ఎప్పటికైనా ఒక పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు.

"ఎప్పుడు పెట్టారండీ?" అని అడిగింది.

"అక్టోబర్‌లో. లంచ్ టైమ్‌లో కూర్చుని నీ పేరు మీద అప్లై చేసేశా. అయిదు నిమిషాల పని."

"నాతో చెప్పలేదే?"

"తగిలాక చెబుదామని. తగలకపోతే నువ్వు జాలిగా చూస్తావు, అది నాకు పడదు."

"ఐరిష్ పాస్‌పోర్టు వచ్చింది కదా. ఇంకా ఎక్కడికండీ?"

"హెడ్డాఫీసుకి. ఇక్కడ మేం చేసేదేంటి? వాళ్ళు కోసి పంపిన గుడ్డకి గుండీలు కుట్టడం."

ఐర్లండ్‌లోని కార్క్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏడాదికో కొత్త అంతస్తు లేపుతున్న రోజులవి. రత్నకుమార్ టీములో ముగ్గురు అప్పటికే కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. వాళ్ళ ఫోటోలు చూసినప్పుడల్లా అతను ఫోను బోర్లా పెట్టేవాడు.

పదమూడేళ్ళ అబిగేయిల్ సోఫాలోంచి తల ఎత్తకుండానే, "దే డోంట్ హావ్ కామోగీ ఓవర్ దేర్, డాడ్," అంది. కామోగీ అంటే కర్రతో బంతిని కొట్టుకుంటూ పరిగెత్తే ఆట. వాళ్ళుండే బాలింకాలిగ్‌లో ఆడపిల్లలకు అదే లోకం.

"నువ్వెళ్ళి మొదలెట్టు. నువ్వే కెప్టెన్‌వి," అన్నాడు రత్నకుమార్.

లాటరీలో పేరొస్తే వీసా వచ్చినట్టు కాదు. అసలు దరఖాస్తు ఆ తరువాత నింపాలి. ఒక శనివారం మధ్యాహ్నం, లీలారాణి వృద్ధాశ్రమంలో డ్యూటీ ముగించుకుని వచ్చాక, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఇద్దరూ కూర్చున్నారు. అతను పైకి చదువుతూ టైపు చేస్తున్నాడు. పేరు, పుట్టిన ఊరు, చదివిన బడులు. "పిల్లలెంతమంది? ఒకరు," అంటూ ఒకటి కొట్టేశాడు.

లీలారాణికి ఇంగ్లీషు నెమ్మదిగా చదవడం అలవాటు. పల్లె బడిలో మాస్టారు నేర్పినట్టు, వరుస కింద వేలు పెట్టుకుని చదువుతుంది. ఆ ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన ఉంది. మీతో ఉన్నా లేకున్నా, ఏ దేశంలో ఉన్నా, మీకు పుట్టిన పిల్లలందరి పేర్లూ రాయాలి. మొదటి దరఖాస్తులో ఎవరిని వదిలేసినా ఈ ఎంపిక చెల్లదు.

ఆమె వేలు అక్కడ ఆగిపోయింది.

హెప్సిబా విషయం ఇద్దరూ మాట్లాడుకుని ఎన్నో ఏళ్ళయింది. లీలారాణి అక్క సుగుణకు పెళ్ళయి పదకొండేళ్ళైనా కడుపు పండలేదు. లీలారాణి రెండోసారి నెల తప్పినప్పుడే రత్నకుమార్‌కు కార్క్ ఉద్యోగం ఖాయమైంది. "చంటిదాన్నేసుకుని ఆ చలిదేశంలో ఏం పడతావే? పుట్టేది అక్కకిచ్చెయ్యి. దేవుడు నీకు మళ్ళీ ఇత్తాడు," అంది వాళ్ళమ్మ. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశారు. ఇరవయ్యొకటో రోజున బిడ్డ ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మారింది. కాగితాలేవీ రాసుకోలేదు. అక్కచెల్లెళ్ళ మధ్య కాగితాలేమిటన్నారు. బడిలోనూ ఆధార్ కార్డులోనూ తల్లి సుగుణే. హెప్సిబా లీలారాణిని పిన్నీ అని పిలుస్తుంది.

దేవుడు మళ్ళీ ఇవ్వలేదు.

బాలింకాలిగ్ బట్టల కొట్లో లీలారాణి అబిగేయిల్‌కి కావలసింది తీసుకున్నాక, ఊరికే చిన్నపిల్లల వరుస వైపు నడిచేది. హెప్సిబా కొలత ఆమెకు తెలుసు. వీడియో కాల్‌లో వెనకాల కనపడే తలుపు గడియకి పిల్ల తల ఎంతవరకు వచ్చిందో చూసి లెక్కకట్టేది. ఒక గౌను తీసి, చేతి మీద వేసుకుని, భుజాలు సరిచూసి, మళ్ళీ తగిలించేసేది. పంపితే అక్క ముఖం చిన్నబోతుంది. "ఇక్కడ దొరకవనుకున్నావేంటే?" అని ఒకసారి అననే అంది.

"ఏవండీ, ఇది చదివారా?"

"చదివా."

"అక్టోబర్‌లో ఎంతమందని రాశారు?"

రత్నకుమార్ కీబోర్డు మీంచి చేతులు తీశాడు. "ఒకరనే. అప్పుడసలు గుర్తుకే రాలేదు లీలా, ఒట్టు. ఇంట్లో ఉన్నది అబిగేయిల్ ఒక్కతే కదా."

"రాసుంటే?"

"రాసుంటే దానికీ వీసా వచ్చేదేమో."

అనేశాక అతనికి అర్థమైంది, అనకూడని మాట అన్నానని. లీలారాణి లేచి స్టవ్ మీద గిన్నె ఒకటి దించి, దించిందాన్నే మళ్ళీ ఎక్కించింది. హెప్సిబా తనతో రావడానికి ఒక దారి ఉండేది. ఎవరూ మూసెయ్యలేదు దాన్ని. లంచ్ టైమ్‌లో, శాండ్‌విచ్ తింటూ, ఒకరు చూడకుండా దాటిపోయారు, అంతే. అక్క ఇచ్చేదా అంటే ఇచ్చేది కాదు. అది ఆమెకూ తెలుసు. అయినా ఆ క్షణం నుంచి ఆమెకు కావలసింది ఒక్కటే అయిపోయింది. ఎక్కడో ఒకచోట, ఒక్కసారి, అడిగినవాళ్ళ ముందు ఆ పిల్ల నాది అని చెప్పుకోవడం.

"ఇప్పుడు రాద్దామండీ," అంది.

"రాస్తే మొత్తం పోతుంది. రాయకపోతే ఎవరికి తెలుస్తుంది? కాగితాల్లో అది సుగుణక్క కూతురు."

మర్నాడు సుగుణ ఫోన్ చేసింది. రత్నకుమారే చెప్పి ఉంటాడు.

"ఒసేయ్, రాత్తానన్నావంట?"

"రాయలేదక్కా ఇంకా."

"రాయకే తల్లీ. రేపు పెద్దదై ఎక్కడో చూత్తాది. ఎవత్తెవే నువ్వు అని నన్నడిగితే నేనేం చెప్పను? తొమ్మిదేళ్ళు దాని జొరాలకి నేనే కదా మేలుకున్నాను."

"నువ్వేనక్కా."

"మరి నా నోట్లో మట్టి కొట్టకు."

ఆ సాయంత్రం లీలారాణి లాప్‌టాప్ ముందు ఒక్కతే కూర్చుంది. రెండు అని మార్చగానే తెర మీద ఒక ఖాళీ వరుస తెరుచుకుంది. పిల్ల పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు అడుగుతోంది. అన్నీ నింపి చాలాసేపు చూసింది. అబిగేయిల్ పేరు కింద హెప్సిబా పేరు. తరువాత ఒక్కో అక్షరం చెరిపేసి, మళ్ళీ ఒకటి అని మార్చి, పంపేసింది.

ఇంటర్వ్యూ ఫిబ్రవరిలో పడింది. డబ్లిన్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో ముగ్గురూ కౌంటరు అద్దం ముందు నిలబడ్డారు. అవతల కూర్చున్న అధికారిణికి జలుబు చేసినట్టుంది, మధ్యమధ్య ముక్కు తుడుచుకుంటోంది. కుడిచెయ్యి ఎత్తి, రాసిందీ చెప్పబోయేదీ నిజమేనని ప్రమాణం చేయమంది. చేశారు. కాగితాలు తిప్పుతూ, కువైట్ గురించి రెండు ముక్కలు, రత్నకుమార్ ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు అడిగింది. అన్నీ సాఫీగా జరిగిపోతున్నాయి. రత్నకుమార్ భుజాలు కిందికి దిగాయి.

"మీకు ఈ అమ్మాయి ఒక్కతేనా?" అంది ఆమె, అబిగేయిల్ వైపు నవ్వుతూ. కాగితంలో ఉన్నదే. మాటవరసకి అడిగింది.

లీలారాణి అవునందామనే నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ ఊళ్ళో అడిగినవాళ్ళకి, చర్చిలో అడిగినవాళ్ళకి, వృద్ధాశ్రమంలో తల దువ్వించుకుంటూ అడిగిన ముసలమ్మలకి ఒక్కతేనని ఎన్నిసార్లు చెప్పలేదు! కానీ అప్పుడెప్పుడూ చెయ్యి ఎత్తి ప్రమాణం చేసి చెప్పలేదు.

"ఇద్దరు," అంది.

"లీలా!" అన్నాడు రత్నకుమార్.

"ఇంకొకరు ఎక్కడున్నారు?"

"ఇండియాలో. మా అక్క దగ్గర. పేరు హెప్సిబా. తొమ్మిదేళ్ళ ఏడు నెలలు."

అధికారిణి కలం కింద పెట్టింది. లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. మొదటి దరఖాస్తులో లేని బిడ్డ ఉంటే ఈ ఎంపిక చెల్లదని, తన చేతుల్లో ఏమీ లేదని నెమ్మదిగా చెప్పింది. అద్దం కింది నుంచి ఒక కాగితం తోసింది. లీలారాణి దాన్ని మడత పెట్టి బ్యాగులో పెట్టుకుంది.

కార్క్ వెళ్ళే రైలెక్కారు. రత్నకుమార్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బయట తడిసిన పొలాలు, గొర్రెలు, మళ్ళీ పొలాలు.

"ఇన్ని నెలలు ఎదురుచూశాం," అన్నాడు చివరికి, అద్దంతో చెబుతున్నట్టు. "ఒక్క మాట. ఒక్కతే అంటే సరిపోయేది."

"సరిపోయేదండీ," అంది లీలారాణి.

అబిగేయిల్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది. "మమ్మీ, హెప్సి మై సిస్టరా? లైక్, రియల్ సిస్టర్?"

"ఊఁ."

"డజ్ షీ నో?"

"తెలియదు. పెద్దమ్మ చెప్పేదాకా నువ్వు చెప్పకూడదు. దానికి అమ్మంటే పెద్దమ్మే."

"ఐ వోంట్." అబిగేయిల్ కాసేపు తన బూట్ల వైపు చూసుకుంది. తరువాత కొంచెం జరిగి, తల్లి చేతికి ఆనుకుంది. "వెన్ వాజ్ షీ బోర్న్?"

అది ఇంతవరకూ లీలారాణిని ఎవరూ అడగని ప్రశ్న. చెప్పడం మొదలెట్టింది. ఆ తరువాత ఆగలేదు. బుధవారం పుట్టిందని చెప్పింది. పొద్దున ఆరూ ఇరవైకి. నీకంటే పావుకిలో తక్కువ, కానీ జుట్టు నీకంటే ఒత్తు, చెవుల మీద కూడా నూగు. పుట్టగానే ఏడవలేదు, తుమ్మింది, డాక్టరమ్మ నవ్వింది. ఎడమ మోకాలి వెనకాల మచ్చ ఉంది, చింతగింజంత. పాలు తాగుతూ తాగుతూ ఆగి, ఎవరో పిలిచినట్టు చూసేది. ఇరవై ఒక్క రోజులూ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. టీ బండి వచ్చి వెళ్ళింది, స్టేషన్లు దాటాయి.

"ఆరూ ఇరవై కాదు," అన్నాడు రత్నకుమార్.

ఇద్దరూ అటు చూశారు. అతను ఇంకా కిటికీ వైపే ఉన్నాడు.

"ఆరుంపావు. నేను గడియారం చూశాను. వరండాలో నిలబడున్నాను. నర్సు ముందు నా చేతికే ఇచ్చింది."

"యూ హెల్డ్ హర్?" అంది అబిగేయిల్.

అతను ఇటు తిరిగాడు. మోచేతులు కిటికీ మీద నుంచి తీసి, రెండు అరచేతులూ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుని వాటివైపు చూశాడు.

"ఇంతే ఉంది," అన్నాడు.