రాజక్క పథ్యం

నన్ను కన్న మా అవ్వ రాజక్క పథ్యం పెడితే యముడైనా ఉప్పులేని జొన్న గట్క తిని వెనక్కి పోవాల్సిందే అని విరూర్‌లో అనేవారు. చిన్నప్పుడు మా అన్న పోచన్నకు కామెర్లు వస్తే పథ్యంతోనే గట్టెక్కించింది. ఊరంతా నమ్మడానికి ఆ ఒక్క గెలుపు చాలింది. నమ్మనిది నేనొక్కదాన్నే. చంద్రపూర్‌లో తుకుం వాడకు కోడలినయ్యాను కాబట్టి నావి పట్నం మాటలని అవ్వ కొట్టిపారేసేది.

పోచన్న కూతురు సాయమ్మకు మూత్రంలో రక్తం పడింది. ఎడమ పక్కటెముకల కింద ఒకటే నొప్పి. పత్తి ఏరి వచ్చిన సాయంత్రాలు మరీ ఎక్కువ. అవ్వ పిల్ల నాలుక చూసి, ఒంట్లో వేడి చేసిందని తేల్చేసింది. నూనె బంద్, కారం బంద్, కూర బంద్. పొద్దున గట్క, మాపటికి మజ్జిగ. పిల్ల అసలే పుట్టుకతో సన్నం. చూస్తుండగానే జాకెట్లు వదులై కుట్లు బిగించుకోవాల్సి వచ్చింది. రక్తం మాత్రం ఆగలేదు. ఆగలేదంటే పథ్యం చాలలేదని అవ్వ ఆ మజ్జిగలో ఇంకా నీళ్లు పోసింది.

అది తెలంగాణ వచ్చిన ఏడాది. మహారాష్ట్రలో ఉన్న మా సరిహద్దు ఊళ్లను కూడా అటు కలుపుతారని, ఉచిత వైద్యం కార్డు ఇస్తారని, అప్పుడు హైదరాబాద్ పెద్ద దవాఖానాలో చూపిద్దామని పోచన్న ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఊరికి గీత ఎక్కడ గీస్తారన్నదే అందరి గోల, ఆడపిల్ల రక్తం ఎవరికీ పట్టలేదు. కబురు తెలిసి నేనే వెళ్లి, అవ్వతో తగవు పడి, పిల్లను రైలెక్కించి చంద్రపూర్ తీసుకొచ్చాను.

స్కానింగ్ చూసి డాక్టరు కాగితం మీద బొమ్మ గీశాడు. మరాఠీలో నిదానంగా చెప్పాడు. ఎడమ కిడ్నీ నుంచి వచ్చే సిర పొట్టలో రెండు నాళాల సందులోంచి పోతుందట. సాయమ్మకు ఆ సందు పుట్టుకతోనే ఇరుకు. అందరికీ అక్కడ కాస్త కొవ్వు అడ్డముండి సిర నలగకుండా కాపాడుతుంది. ఈ పిల్లకు ఆ కొవ్వంతా కరిగిపోయింది. సిర అడకత్తెరలో పోకచెక్క అయింది. అందులో నెత్తురు గడ్డ కూడా కట్టింది. రక్తం పోతున్న మనిషికి గడ్డ కరిగే మందివ్వడం కత్తి మీద సాము అన్నాడు. ముందు పిల్ల ఒళ్లు చేయాలి, కడుపునిండా పెట్టండి అన్నాడు. ఇన్నాళ్లూ ఈమెను పస్తు పెట్టిందెవరని అడిగాడు.

దవాఖానాకు కోడికూర తీసుకెళ్తే వాసనకే వాంతి చేసుకుంది. నెయ్యి వేసిన అన్నం ముద్ద చేసి పెడితే తలుపు వైపు చూసింది.

"అత్తా, నాయనమ్మకు చెప్పకు. నూనె తిన్ననని తెలిస్తే మల్లా మొదటి నుంచి పథ్యం పెడ్తది."

చెప్పనని ఒట్టు వేస్తే నాలుగు ముద్దలు మింగింది. అలా కొన్నాళ్లు తినిపించాను. ముఖంలో కాస్త కళ వచ్చిందని సంబరపడ్డాను కూడా. ఒక పొద్దున తల దువ్వుతుంటే ఊపిరాడక నా ఒళ్లోనే ఒరిగిపోయింది. గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు.

శవాన్ని విరూర్ తీసుకెళ్లాం. వాకిట్లోనే అందరూ వింటుండగా అవ్వను నిలదీశాను. డాక్టరు చెప్పిందంతా, కొవ్వు సంగతితో సహా చెప్పాను. కడుపునిండా పెట్టమన్నాడా అని అవ్వ ఒక్కసారి అడిగింది.

మూడోనాడు, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పిట్టకు, అంటే కాకికి పెట్టాలి. అవ్వ పొయ్యి దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. నూనె తేలే కోడికూర, గారెలు, నెయ్యి కారే అన్నం వండింది. నడవలేని మనిషి ఆ గంపను తనే నెత్తిన పెట్టుకుని వల్లకాటికి వచ్చి విస్తట్లో వడ్డించింది. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. పోచన్న దండాలు పెట్టాడు, నేనూ పెట్టాను. అయినా కదల్లేదు.

అప్పుడు అవ్వ విస్తరి ముందు కూలబడి, కూరలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు ఏసిన బిడ్డా, కారం గూడ ఏసిన. పథ్యం ఇడిసిన. ఇగ తిను."